అమ్మ అంకెతో పాస్‌వర్డులు

కంప్యూటర్‌కి నా మీద పగ ఉందని ఆ రోజు పొద్దున్నే తేలిపోయింది. ఎనిమిది అక్షరాల పాస్‌వర్డు ఇవ్వమంటే ఏడే ఇచ్చింది. అది సరిచేస్తే ఎనిమిదీ ఒకే అక్షరం కక్కింది. ఖర్మ!

మోంతెవిదేవో ఓడరేవు పక్కన మా పేట ఆసుపత్రిలో రిపోర్టులు ఇంటి దగ్గరే చూసుకోవడానికి ఒక్కొక్కరికీ ఒక్కో పాస్‌వర్డు ఇవ్వాలి. వాటిని పుట్టించే ప్రోగ్రాం రాసింది నేను. సాయంత్రానికి అది సవ్యంగా నడిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. లేకపోతే యాభై రెండేళ్ళ వయసులో మళ్ళీ చేపలు తోముకోవాలి.

కంప్యూటర్లు చూసుకునే వాషింగ్టన్ పక్కనే కూర్చుని తాపీగా గొట్టంతో మాతే ఆకుల టీ పీలుస్తున్నాడు.

"నేలిడక్కా, అక్షరాన్ని ఒక్కసారే ఎంచుకుని ఎనిమిదిసార్లు రాయిస్తున్నావు. ఎంచుకోవడం కూడా ఎనిమిదిసార్లు తిరిగే లూప్‌లోపల పెట్టు."

"పెడుతున్నాగా! నెత్తిమీద కూర్చోకు."

పెట్టాను, నడిచింది. చీటీల మీద పాస్‌వర్డులు రాసి పంచడం మొదలుపెట్టాను. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. ప్రోగ్రాం మళ్ళీ మొదలుపెట్టి మిగతావాళ్ళకీ ఇచ్చాను. కాసేపటికి బయట రోగులు కూర్చునే బల్ల మీంచి మా పక్కింటి జుల్మా కేక.

"ఒసేయ్ నేలిడా! నాకు పొద్దున ఇచ్చిందే ఈవిడకీ ఇచ్చావేంటే? నా రొమ్ములో గడ్డ సంగతి ఊరంతా చదవాలా?"

ఎవరికీ చూపించవద్దని చెవినిల్లు కట్టుకుని చెప్పాను. వంతులేసుకుని తాగే మాతే గిన్నెతో పాటు చీటీలు కూడా చేతులు మారాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

వాషింగ్టన్ తెర మీదకి వంగాడు.

"ఈ నలభై ఎనిమిది ఏంటక్కా?"

"విత్తనం. పాస్‌వర్డులు పుట్టించే ముందు ప్రోగ్రాంకి ఇచ్చే అంకె. ఏదో ఒకటి వెయ్యొచ్చని పాఠంలో ఉంది. మొన్న కలలోకి అమ్మ వచ్చి మాట్లాడింది."

పోయినవాళ్ళు కలలో మాట్లాడితే లాటరీలో నలభై ఎనిమిది మీద ఆడాలని మా పేటలో పసిపిల్లలకీ తెలుసు.

"అయ్యో, అది లాటరీకక్కా! ఇక్కడ ఒకే విత్తనం వేస్తే, మొదలుపెట్టినప్పుడల్లా అవే పాస్‌వర్డులు, అదే వరసలో వస్తాయి." గొంతు తగ్గించాడు. "తీసేసి కరెంటు మీదకి తోసేద్దాం. డాక్టరమ్మకేం తెలుస్తుంది?"

నాకూ ఆశ పుట్టింది. కానీ జుల్మా ఇంకా బయట తిడుతూనే ఉంది. లేచి డాక్టరమ్మ గదికి వెళ్ళి తప్పు నాదేనని, ఇచ్చిన పాస్‌వర్డులన్నీ మార్చాలని చెప్పేశాను. ఆవిడ కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకుంది.

"మూసే లోపల అందరికీ మార్చు. మార్చగలిగితే సోమవారం రా. లేకపోతే రావద్దు."

వెనక్కి వచ్చి కూర్చున్నాను.

"ఆ అంకె నేను తీసెయ్యనా?" అన్నాడు వాషింగ్టన్.

"వద్దు. నేనే తీస్తా."

అమ్మ పోయాక కలలోకి రావడం అదొక్కసారే. ఏం చెప్పిందో లేచేసరికే మరిచిపోయాను. గుర్తుపెట్టుకోవడానికి నాకు మిగిలింది ఈ అంకె ఒక్కటే. నా మీద నాకే ఒళ్ళు మండింది. చెరిపేశాను. ప్రోగ్రాం రెండుసార్లు నడిపి చూశాను. రెండుసార్లూ వేరువేరు పాస్‌వర్డులు వచ్చాయి.

"ఇంకెంతసేపే?" బయటి నుంచి జుల్మా.

"వస్తున్నానే," అన్నాను ముక్కు చీదుకుంటూ. "మొదటిది నీదే."