సన్నికల్లు ఎక్కిన బండి

లారీలకు టార్పాలిన్లు కుట్టే అమలమ్మకు ఇనప పని గురించి ఏమీ తెలియదు. కాని కోడలు వెల్డింగు చేస్తుంటే చూడడం ఆమెకు భలే ఇష్టం. ఆటోనగర్‌లో వెంకటకృష్ణారావుగారి లారీ బాడీల షెడ్డులో గుమ్మం పక్కన ఆమె కుట్టుమిషను ఉండేది. మధ్యలో కోడలు శాలిని లారీ తలుపులు అతికేది. అతుకు చల్లారాక శాలిని దాన్ని సుత్తితో తట్టి, తల వంచి వినేది. మోత నచ్చకపోతే ఎవరితోనూ ఏమీ అనకుండా కోసేసి మళ్లీ మొదలుపెట్టేది. ఇంట్లో కూరలో ఉప్పు తగ్గినా కిక్కురుమనకుండా తినే మనిషి, ఇక్కడ వెంట్రుకవాసి వంకర ఉన్నా ఒప్పుకునేది కాదు. మిషను తొక్కుతూ అమలమ్మ అదంతా చూసి, తన కుట్టు కూడా ఒకసారి వెనక్కి తిప్పి సరిచూసుకునేది.

జీపు వెనక తగిలించుకుని రోడ్డు లేని చోటికి కూడా లాక్కుపోయే బండి ఒకటి చెయ్యాలని శాలినికి ఎప్పటినుంచో ఉంది. అందులోనే పడుకోవాలి, దాని దగ్గరే వండుకోవాలి. అలాంటి బండి చేస్తారా అని షెడ్డుకి వచ్చి అడిగి వెళ్లినవాళ్లు ఉన్నారు. షెడ్డులో ఎడమ మూల పాత రేకులు పడేసే జాగా తనకిస్తే ఆ పని తానే పెట్టుకుంటానని శాలిని ఓనరుగారిని అడిగింది. రావుగారు మంచివాడే కాని, నలుగురి ముందు ఎగతాళి చెయ్యకుండా ఏ పనికీ సరే అనడు.

"ముందు ఒకటి చేసి చూపించమ్మా. నా జీపుకే తగిలించి సముద్రం దాకా తీసుకెళ్దాం. తిరిగి ఈ షెడ్డు ముందుకొస్తే ఆ మూల నీది. మధ్యలో ట్రాక్టరు పెట్టి లాగించాల్సి వచ్చిందా, మళ్లీ తలుపులు అతుక్కోవడమే" అన్నాడు.

శాలిని సరేనంది. పాత వ్యాను ఇరుసు ఒకటి, కుదుపు ఆపే లారీ కమాను కట్టలు, జీపు చక్రాలు పోగు చేసింది. షెడ్డు పని అయ్యాక రోజూ సాయంత్రం కాసేపు దానిమీదే ఉండేది. నేలమీద సుద్దముక్కతో బండి మొత్తం గీసుకుని, ఆ గీతలమీదే ఇనప ఛానెళ్లు పరిచింది. అడుగున చట్రానికి ఇరుసు బిగించే చోట కావలసిన కన్నాలు వేసి ఊరుకోకుండా, ముందుకీ వెనక్కీ వరసగా ఇంకొన్ని వేసింది. రావుగారు చూసి, బండి చేస్తున్నావా జల్లెడ చేస్తున్నావా అన్నాడు. షెడ్డంతా నవ్వింది. శాలిని డ్రిల్లు ఆపలేదు.

పైన గుడారం అమలమ్మ కుట్టింది. లారీ టార్పాలిన్‌కి వేసినట్టే రెండేసి మడతలు వేసి, మూలల్లో ఇత్తడి రింగులు బిగించింది. వంట మాత్రం బండి వెనక ఉండాలని, వండే మనిషి బయట గాలికి నిలబడాలని ఆమె అడిగింది. శాలిని మారుమాట లేకుండా వెనక తలుపుని కిందకి దింపితే వంటగట్టు అయ్యేలా చేసింది. చేసే ముందు అత్తగారి మెడలో వేలాడే కొలతల టేపే తీసుకుని, నేలనుంచి ఆమె నడుము దాకా కొలిచింది. అమలమ్మ చాలా వంటిళ్లలో వండింది. తన ఎత్తు కొలిచి కట్టిన గట్టు ముందు నిలబడడం అదే మొదలు. ఆ రోజు ఊరికే రెండుసార్లు దాని దగ్గరికి వెళ్లి చేతులు ఆనించి వచ్చింది.

ఆ అత్తాకోడళ్ల మధ్య ఒక ఒప్పందం ఉంది. ఎవరూ పైకి అనుకున్నది కాదు, అలా నడిచిపోయేది. ఇనుము జోలికి అమలమ్మ రాదు. వంట సామాను జోలికి శాలిని రాదు. ఇంట్లో ఇద్దరికీ మాట తేడా రాకపోవడానికి అదే కారణమని అమలమ్మ కొడుకు యేసుకుమార్ అనేవాడు. అంబులెన్సు నడిపే అతనికి బండి బయల్దేరే శనివారం డ్యూటీ పడడంతో, ప్రయాణానికి ముగ్గురే మిగిలారు.

పొద్దున్నే గుణదల కొండ కింద ఫాదరుగారు బండిమీద పరిశుద్ధ జలం చల్లారు. అది అయ్యాక రావుగారు తన వంతుగా ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి, చక్రం కింద ఒక నిమ్మకాయ పెట్టాడు. శాలిని అన్ని బోల్టులూ బిగించి చూసుకుంటుంటే, వెనకవైపు అమలమ్మ తన సామాను సర్దింది. బియ్యం, గిన్నెలు, గ్యాసు సిలిండరు, నీళ్ల డబ్బాలు. అన్నిటికంటే అడుగున, పాత చీరలో చుట్టి, సన్నికల్లూ పొత్రమూ పెట్టింది. మిక్సీ ఆడని చోట పచ్చడి ఎలా నూరుతారు? ఆ సంగతి కోడలికి చెప్పలేదు. అది వంట సామాను కదా.

జీపు కరకట్ట ఎక్కి కాస్త వేగం అందుకోగానే బండి వెనక అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. రావుగారు అద్దంలో చూసి, తోక ఆడిస్తోందేంటమ్మా నీ బండి అన్నాడు. నెమ్మదిగా పోతే ఊపు తగ్గేది. అవనిగడ్డలో టీకి ఆగినప్పుడు శాలిని కిందకి దూరి అతుకులన్నీ తట్టి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. మరి ఆ ఊపు ఎక్కడిదో తేలక టీ కూడా తాగలేదు.

కోడూరు దాటి, సముద్రానికి పోయే దారిలో తారు అయిపోయింది. సర్కారు తుమ్మల మధ్య దారి, ఆపైన ఉప్పు నీరు ఎక్కి ఆరీ ఆరని బురద. జీపు అందులో కొంచెం దూరం పోయి ఆగిపోయింది. దాని వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గాని బండి కదలడం లేదు. రావుగారు ఎంత తొక్కితే అంత బురద లేచి గుడారం మీద పడుతోంది.

చేపల చెరువుల దగ్గర పనిచేసే నాని అనే అతను ట్రాక్టరు మీద వస్తూ వాళ్లను చూసి ఆగాడు. ఏమీ అడక్కుండానే ఇనప తాడు దించాడు. రావుగారు స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు.

"నేనేం అననమ్మా. తాడు కట్టించుకుంటావో లేదో నువ్వే చెప్పు."

శాలిని బురదలో మోకాళ్లమీద కూర్చుని బండి కింద చూస్తోంది. ఇందాక అవనిగడ్డలో చూసిన అతుకులే మళ్లీ చూస్తోంది. ఒకే అతుకుని మళ్లీ మళ్లీ తట్టి వింటోంది.

అమలమ్మ జీపు దిగి దూరంగా వచ్చి నిలబడింది. అక్కడినుంచి చూస్తే జీపు వెనక భాగం పైకి లేచి ఉంది. అలా లేవడం ఆమె చిన్నప్పుడు చూసింది. నాన్న ఎద్దుల బండిలో గడ్డి వెనకకి ఎక్కువైతే నొగలు పైకి లేచి, కాడితాళ్లు ఎద్దుల మెడలు నొక్కేసేవి. నాన్న అరిచేవాడు, పిల్లలంతా గడ్డిమీద పాకుతూ ముందుకి పోయేవారు. కాడి మళ్లీ ఎద్దుల మెడమీద ఆనేది.

"అమ్మాయ్, ఎద్దులు గాల్లో ఉన్నాయే" అంది అమలమ్మ. "వెనక బరువు ఎక్కువైంది. తప్పు నీది కాదు. అడుగున సన్నికల్లు పెట్టాను."

శాలిని లేచింది. చీరలో చుట్టిన రాయిని విప్పి, దాన్ని చూసి, అత్తగారిని చూసింది. నవ్వాపుకోలేక బండికి ఆనుకుపోయింది. "నీళ్లు కూడా ఇక్కడే పెట్టావా అత్తయ్యా, అన్నీనూ?" అంది.

"వండేది ఇక్కడైతే ఇంకెక్కడ పెడతారు?"

శాలిని చేతులకంటిన బురద దులుపుకుంది. రాయికి ఒక చివర తాను పట్టుకుని, రెండో చివర రావుగారిని పట్టమంది. ఓనరుగారు తెల్ల చొక్కాతో సన్నికల్లు మోసుకుంటూ బురదలో నడవడం నాని ట్రాక్టరు మీద కూర్చుని చూశాడు. రాయిని బండి ముందున్న పనిముట్ల పెట్టెలో పెట్టారు. నీళ్లూ బియ్యమూ దానిమీదికి చేర్చారు. పొత్రం ఎవరికీ ఇవ్వకుండా అమలమ్మే పసిబిడ్డలా ఎత్తుకొచ్చింది. జీపు వెనక నెమ్మదిగా కిందకి దిగి ఆనింది. రావుగారు ఎక్కి మొదటి గేరు వేసి, మెల్లగా తొక్కాడు. చక్రాలు ఈసారి బురదని కరిచి పట్టుకున్నాయి. బండి ఒకసారి మూలిగి, జీపు వెంట బయటికొచ్చింది.

నాని తాడు చుట్టుకున్నాడు. భోజనానికి రమ్మంటే మాత్రం మొహమాటపడలేదు.

ఇసక గట్టిగా ఉన్న చోట బండి నిలిపి గుడారం ఎత్తారు. గాలి ఎంత కొట్టినా ఒక్క కుట్టూ సడలలేదు. అమలమ్మ తన గట్టు దగ్గర నిలబడి, నడుము వంచకుండా, ఎదురుగా సముద్రాన్ని చూస్తూ అన్నం వార్చింది. దోసకాయ పచ్చడి నూరింది. రావుగారు మారు వడ్డించుకుంటూ, రాయి బరువుకి తగ్గట్టే ఉందక్కా అన్నాడు.

తెల్లారి అమలమ్మ లేచేసరికి శాలిని ఇసకలో పలక వేసి, దానిమీద జాకీ పెట్టి బండి లేపేసింది. ఇరుసు బోల్టులు ఊడదీసి, వెనక బరువు చక్రాల మీద పడేలా ఇరుసుని వెనక కన్నాల్లోకి జరుపుతోంది. షెడ్డంతా నవ్విన ఆ కన్నాలే. రావుగారు పక్కన గొంతుకూర్చుని స్పానర్లు అందిస్తున్నాడు.

"సామాను ముందు పెట్టాం, బాగానే లాగింది కదా. మళ్లీ ఇదంతా ఎందుకు?" అని అడిగాడు.

"వండే చోటు వెనక అండీ. నీళ్ల కోసం, రాయి కోసం అత్తయ్య ముందుకీ వెనక్కీ తిరక్కూడదు. జరిగితే బండే జరగాలి" అంది శాలిని, బోల్టు బిగిస్తూ.

రావుగారు ఇంకో స్పానరు అందించి, ఆ కన్నాలని ఒక్కొక్కటే వేలితో తడిమి చూశాడు. అమలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, గాలికి ఇసక పడిందంది.

సామానంతా మళ్లీ వెనకే సర్దారు, సన్నికల్లుతో సహా. వచ్చేటప్పుడు ఆ బురదని ఆగకుండా దాటారు. కరకట్ట మీద రావుగారు కావాలనే వేగం పెంచి, అద్దంలో చూస్తూ పోయాడు. బండి తోక ఆడించలేదు.

షెడ్డు ముందు జీపు దిగుతూనే ఆయన శాలిని జేబులోంచి సుద్దముక్క లాక్కుని ఎడమ మూలకి నడిచాడు. పాత రేకుల్ని కాలితో పక్కకి తోసి, గోడనుంచి మొదలుపెట్టి నేలమీద గీత గీశాడు. స్తంభం దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి గుమ్మం పక్కనున్న కుట్టుమిషను వైపు చూశాడు. మళ్లీ వంగి, గీతని స్తంభం దాటించి ఇంకొంత దూరం లాగాడు.

"అక్క మిషను కూడా ఇక్కడికే తెచ్చుకోండి" అన్నాడు. "గుడారాలు ఎవరు కుడతారు మరి?"