ఎర్ర చుక్క, తెల్ల సంచి

ఆగస్టు పద్నాలుగో తేదీ అడొమాకో మాస్టారికి బాగా గుర్తు. ఆ పొద్దున ఇంట్లో ‘ఎటో’ అనే శుభానికి చేసే వంటకం చేశారు. ఉడికిన పెండలాన్ని మెత్తగా మెదిపి, ఎర్ర పామాయిల్ చుక్క తగలకుండా తెల్లగానే ఉంచి, పైన ఉడికిన గుడ్లు పెట్టుకుని, మాస్టారు, అత్తగారు, కూతురు ముగ్గురూ ఒకే పళ్ళెంలోంచి తిన్నారు. మాస్టారి భార్య పోయి ఏడాది నిండింది. ముందురోజే మైలబట్టలు, ఎరుపూ నలుపూ, విప్పి పెట్టెలో పెట్టి తెల్లవి కట్టుకున్నారు.

"ఇక ఈ గడప లోపలికి ఎరుపు రాకూడదు," అంది అత్తగారు డుఫియే, గుడ్డు కొరుకుతూ.

ఆ మధ్యాహ్నమే వచ్చింది, మందు సీసాలో.

మాస్టారి కూతురు కోనాదు బట్టలు కుట్టి బతుకుతోంది. కంటి లోపలి వాపు నిరుడు ఎడమ కంటిని మసక చేసి పోయింది. ఇప్పుడు కుడికన్ను పట్టుకుంది. పాత చుక్కలు వేస్తే వాపు తగ్గుతుంది గానీ కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. మానేస్తే మళ్ళీ వాపు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందుకే కుమాసిలోని పెద్దాసుపత్రి వాళ్ళు పరీక్షిస్తున్న కొత్త మందుకి తండ్రీకూతుళ్ళు ఒప్పుకుని వచ్చారు. కంటికి ఆననంత సన్నటి బంగారు రేణువులు నీళ్ళలో తేలే మందు అది. బంగారం అంత సన్నబడితే పసుపుపచ్చగా ఉండదట, ఎర్రగా ఉంటుందట.

బంగారం అన్న మాట మాత్రం మాస్టారు అత్తగారి చెవిన వేయలేదు. ఆమెకి చెబితే వీధి వీధంతా చెప్పినట్టే. "నా కంట్లో బంగారముందని తెలిస్తే తవ్వడానికి పారలేసుకుని వస్తారు నాన్నా," అని కోనాదు నవ్వింది.

డుఫియే సీసా పైకెత్తి చూసింది. ఎర్రగోంగూర పూతొడిమలు కాచి ‘సోబోలో’ అనే ఎర్రటి పానీయం చేసి అమ్ముతుందామె. "ఇదేంటల్లుడూ, నా సోబోలో నాకే అమ్ముతున్నాడా మీ డాక్టరు?"

"అమ్ముతోంది అనండి అత్తయ్యా, ఆడ డాక్టరు. అమ్మడం కూడా కాదు, ఊరికే ఇచ్చింది. మందు."

"ఎర్ర మందా? నిన్ననేగా ఎరుపు విప్పాం! తల్లి ఏడాది దాటిందో లేదో, పిల్ల కంట్లో చావు రంగు పోస్తావా? కాలేజీలో ఇదే నేర్పారా నీకు?"

"కన్ను ఎలాగూ ఎర్రగానే ఉంది కదమ్మమ్మా, కలిసిపోతుందిలే," అంది కోనాదు.

"కన్ను పోతున్నా నోరు మాత్రం బాగానే ఉంది దీనికి."

మందు పనిచేయసాగింది. కొన్నాళ్ళకి కోనాదు తనంతట తానే లేచి, వెలుతురు భరించలేక ఇన్నాళ్ళూ మూసి ఉంచిన కిటికీ తెరిచింది. చీకటి పడ్డాక కూడా ఆ కిటికీ మూయబుద్ధి కాలేదు మాస్టారికి.

ఇంతలో ఓ సాయంత్రం కరెంటు పోయింది. మసకచీకట్లోనే కోనాదు చుక్క వేసుకుంది. సీసా తీసి పెట్టబోతూ మాస్టారు గుమ్మం దగ్గర వెలుతురుకి పట్టి చూశాడు. ఎరుపు లేదు. మురికి నీలం, అడుగున నల్లటి మడ్డి.

"అత్తయ్యా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే," అంది డుఫియే. "ఎరుపంటే వేడి. చల్లారితే దోషం పోతుందని సోబోలో సీసాల పక్కన ఫ్రీజర్లో పెట్టాను. గడ్డ కరిగాక మళ్ళీ దాని చోట పెట్టేశాను." దగ్గరికొచ్చి చూసి, నోటి మీద చెయ్యేసుకుంది. "ఎరుపు పోయి తెల్లనవుతుందనుకున్నాను. నలుపొచ్చిందేంటి నాయనా?" ఉన్నచోటే కూలబడింది. "మిగిలింది ఒక్క కన్ను. దాన్ని నా చేత్తో తీసేశానా?"

కోనాదు తడుముకుంటూ వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. ఈసారి వేళాకోళం ఆడలేదు.

తెల్లారగానే ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. మందు ఇచ్చిన డాక్టర్ ఫ్రేమా కన్ను కడిగి, కోనాదు గడ్డాన్ని యంత్రం మీద ఆనించి, చాలాసేపు చూసింది.

"విడివిడిగా ఉన్నంతకాలం ఆ రేణువులు ఎర్రగా ఉంటాయి," అంది చివరికి. "గడ్డకడితే ఒకదానికొకటి అతుక్కుని నీలంగా మారతాయి. ఇక ఆ మందు పనికిరాదు. కంటికి మాత్రం ఏమీ కాలేదు." మరోసారి చూసింది. "పైగా వాపు దాదాపు పోయింది. ఒత్తిడి కూడా మామూలుగానే ఉంది."

మాస్టారు అక్కడున్న బల్లమీద కూర్చున్నాడు.

"ఏ రేణువులు?" అంది డుఫియే.

"బంగారం, అవ్వా. మీకు చెప్పలేదా?"

డుఫియే మెల్లగా అల్లుడి వైపు తిరిగింది. "బంగారు గడ్డ మీద పుట్టిన ఆసాంటె జాతి ముసలిదాన్ని. ఇంట్లో బంగారం పెట్టి నాకే చెప్పవా? చెబితే మొలకి కట్టుకుని పడుకునేదాన్ని కదయ్యా!"

"అందుకే చెప్పలేదత్తయ్యా."

"మొలకీ వద్దవ్వా, ఒంటి వేడికి కూడా పాడవుతుంది," అని డాక్టరు నవ్వుతూ కొత్త సీసా ఇచ్చింది.

దారి పొడుగునా డుఫియే దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మోసింది. ఇంటికి రాగానే, సంవత్సరీకానికి తెచ్చిన తెల్లబట్టలో మిగిలిన ముక్క తీసి మనవరాలి ఒళ్ళో వేసింది. "బంగారమైతేనేం, ఎరుపు ఎరుపే. నా ఇంట్లో తెల్లబట్ట కట్టుకునే ఉండాలి. దానికో సంచి కుట్టు."

కోనాదు కిటికీ దగ్గర కూర్చుని సూది పైకెత్తింది. దారం రెండుసార్లు పక్కకి పోయింది. మళ్ళీ కొస తడిపి, కుడికన్ను చిట్లించి, నెమ్మదిగా పోనిచ్చింది. వెళ్ళింది. డుఫియే పెండలం చెక్కు తీయడానికి లేచింది.

ఆ రాత్రి మళ్ళీ తెల్ల ఎటో. కోనాదు వైపు ఒక గుడ్డు ఎక్కువే ఉంది. తిన్నాక డుఫియే తన చేత్తోనే చుక్క వేసి, సీసాని తెల్ల సంచిలో పెట్టి, చల్లగా ఉంటుందని నీళ్ళకుండ పక్కన ఉంచింది. కోనాదు కళ్ళు మూసుకుని అలాగే నిద్రలోకి జారింది. మాస్టారు వసారాలోంచి చూస్తుండగా, డుఫియే రాజు ఎదుట నుంచి వచ్చినట్టు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.