నవ్వు బొమ్మ కింద కార్డు

తొమ్మిదిన్నరలోపు పై ఆఫీసుకి ఫొటో వెళ్ళాలి. రాజ్యం టీచరు కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఏడుపు బొమ్మ కిందున్న కార్డులు ఒక్కొక్కటీ తీసి నవ్వు బొమ్మ కిందికి మార్చింది.

చోడవరంలో ఆ ప్రాథమిక పాఠశాల మూడో తరగతి గోడకి రెండు అట్టబొమ్మలున్నాయి. ఒకటి నవ్వేది, ఒకటి ఏడ్చేది. పిల్లలు పొద్దున్నే వచ్చి, ఆ రోజు తమ మనసెలా ఉంటే ఆ బొమ్మ కింద తమ పేరున్న కార్డు తగిలించాలి. ఏడుపు బొమ్మ కింద తగిలించిన పిల్లని టీచరు దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. టీచర్ల శిక్షణలో చెప్పింది అదీ. కార్డులు రాజ్యమే కత్తిరించింది, ఇంట్లో మిగిలిన పాత శుభలేఖలతో. అంచులకి పసుపు ఇంకా పోలేదు.

మొదటి నెల ఆవిడ ఉన్నదున్నట్టే ఫొటో పంపింది. మీటింగులో పై ఆఫీసరు దాన్ని తెరమీద చూపించి, "మీ క్లాసులోనే ఇంతమంది ఏడుస్తున్నారేంటమ్మా? మీరేం చేస్తున్నట్టు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క మెమో లేదావిడకి. అత్తగారిచేత గానీ, మొగుడు పోయాక తోడికోడళ్ళచేత గానీ మాట పడలేదు. మాట పడకుండా బతకడమే బతుకనుకుంది పాపం. ఆ మర్నాటినుంచి ఫొటోకి ముందు కార్డులు మారడం మొదలైంది. ఫొటో అయ్యాక పిల్లలతో మాట్లాడదామనే అనుకునేది. ఫొటో అయ్యాక హాజరు, ఆ తర్వాత పాఠం, ఆ తర్వాత ఇంకేదో ఉండేది.

చిన్నారి అనే పిల్ల నెల్లాళ్ళుగా ఏడుపు బొమ్మ కిందే తగిలిస్తూ వచ్చింది. ఒకసారి మాత్రం దగ్గరికొచ్చి, "నా కార్డెందుకు మార్సేరు టీచర్?" అని అడిగింది.

"అక్కడే ఉండనియ్యమ్మా. అంతా బాగయిపోతుందిలే" అంది రాజ్యం, ఫోను సరిచేసుకుంటూ.

పిల్ల ఆవిడ మొహంకేసి కాసేపు చూసి, తలూపి వెళ్ళి కూర్చుంది. హమ్మయ్య, మొండికెయ్యలేదు అనుకుంది రాజ్యం.

మూడు రోజులుగా చిన్నారి రావడం లేదు. ఖాళీ కనిపిస్తే అదో ప్రశ్న. అందుకని ఇవాళ ఆ పిల్ల కార్డు కూడా తనే నవ్వు బొమ్మ కింద తగిలించి, ఫొటో తీసి పంపేసింది.

పదకొండింటికి గుమ్మంలో ఒక ముసలామె వచ్చి నిలబడింది. చెరకు కోతకెళ్ళే మనిషి. మోచేతులదాకా ఆకు కోసిన గీతలు.

"చిన్నారి అమ్మమ్మనండి, సన్యాసమ్మని. మా గుంట టీసీ ఇప్పించండమ్మా. కోటపాడు తీసుకెళ్ళిపోతన్నాను."

"అదేంటి, సంవత్సరం మధ్యలో?"

"దాని తల్లి పోనాదమ్మా, మంగళారం. నెల్లాళ్ళు పెద్దాసుపత్రిలోనే ఉన్నాది కదా."

రాజ్యానికి తెలీదు. అడిగితే తెలిసేది.

సన్యాసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "రోజూ సాయంత్రం ఫోన్లో తల్లికి సెప్పీది. 'అమ్మా, ఈయేల కూడా టీచరు నా కార్డు నవ్వు బొమ్మకాడే ఎట్టింది. నీకు బాగయిపోద్దంట, టీచరే సెప్పింది' అనీది. ఆ మాటకి దాని తల్లి కూడా నవ్వీది. మీకు పున్నెముంటాదమ్మా."

రాజ్యానికి తల కొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండును.

"పిల్లేది?"

"ఆటోలో ఉంది. లోనికి రమ్మంటే రాదు. టీచరు అబద్దమాడింది అంటంది. సిన్నగుంట, దానికేటి తెలుసు! మీరేటీ అనుకోకండి."

హెడ్మాస్టరు టీసీ రాసిచ్చేలోగా రాజ్యం గేటుదాకా వెళ్ళింది. "చిన్నారీ" అంది. నాకు తెలీదమ్మా అందామంటే, తెలుసుకోవడమే కదా తన పని. చిన్నారి పుస్తకాల సంచీని ఒళ్ళో అదుముకుని అవతలివైపే చూస్తూ కూర్చుంది. సన్యాసమ్మ వచ్చి, టీసీ మడిచి రొంటిన దోపుకుని ఎక్కింది. ఆటో మలుపు తిరిగింది.

రాజ్యం క్లాసులోకొచ్చి గోడ దగ్గర నిలబడింది. చిన్నారి కార్డు ఏడుపు బొమ్మ కిందికి మార్చబోయింది. సిగ్గేసింది. ఇప్పుడెవరికోసం? చెయ్యి దించేసుకుంది.

అంచున పసుపు, కింద వంకర అక్షరాలతో 'చిన్నారి', రోజూ మార్చి మార్చి నలిగిపోయిన మూల. ఆ కార్డు నవ్వు బొమ్మ కిందే ఉంది.