గబ్బిలాలు వినపడని నలభై రోజులు

నేను ఒక రికార్డరును. పాటలు పట్టే రకం కాదు. గబ్బిలాల కూతలు మనిషి చెవికి అందనంత సన్నగా ఉంటాయి. వాటిని పట్టి కార్డులోకి ఎక్కించడం నా పని. అరచేతిలో ఇమిడే బూడిదరంగు పెట్టెను. కింద బఠాణీ గింజంత మైకు. పొద్దుగూకగానే మేలుకుంటాను. తెల్లారేదాకా కునుకు లేదు. రాత్రి ఆపేసి పడుకోబెట్టే యంత్రాలంటే నాకు అసూయ.

బాలానగర్‌లో ఒక ఇరుకు షెడ్డులో నన్ను తయారుచేశారు. మొదటి యజమాని ఒక ప్రొఫెసరు. రెండు గుహలకూ పద్దెనిమిది సదస్సులకూ తీసుకెళ్లాడు. సదస్సుల్లో ఎవరూ ఎవరి మాటా వినలేదు. నన్ను మాత్రం అందరూ మెచ్చుకున్నారు. ఆయన రిటైరయ్యాక బీరువాలో పడి ఉన్న నన్ను షమీమ్ అడిగి తెచ్చుకుంది. కాకినాడ అమ్మాయి. గబ్బిలాల మీద పరిశోధన చేస్తోంది. పడవ ఎక్కితే వాంతులే. అలాంటి మనిషికి సముద్రంలో పని దొరికింది.

శ్రీకాకుళం తీరాన గెడ్డపేట అని ఒక మత్స్యకారుల ఊరు. ఒడ్డుకు పన్నెండు మైళ్ల దూరాన, సముద్రం లోపల ఒక కంపెనీ గాలిమరలు నిలబెట్టబోతోంది. ముందు గాలిని కొలవడానికి ఇనుప వేదిక ఒకటి కట్టింది. షమీమ్ అనుమానం ఒక్కటే. చలి మొదలవగానే చిన్న గబ్బిలాలు దక్షిణానికి వలసపోతూ ఈ నీళ్ల మీదుగా దాటుతున్నాయా? దాటుతుంటే, ఆ నెలల్లో గాలి మందంగా ఉన్న పూటల్లా మరలు ఆపాలి. అవి ఎగిరేది ఆ గాలిలోనే. మర రెక్క తగిలితే బతకవు. నేల మీదైతే కింద పడ్డవాటిని ఎవరో ఒకరు చూస్తారు. సముద్రంలో చేపలు చూస్తాయి. చేపలు రిపోర్టు రాయవు.

నన్ను వేదికకు కట్టారు. నాలుగు రోజులకోసారి నా కార్డూ బ్యాటరీ మార్చే పని కంపెనీ సర్వే పడవ నడిపే మైలపల్లి దానయ్యది. వలలో చేప తగ్గిన ఏడాది దొరికిన ఉద్యోగం అది. తడవకూడదని షమీమ్ అతనికి మూడుసార్లు చెప్పింది. నేనేం చేస్తానో ఒక్కసారీ చెప్పలేదు.

గెడ్డపేట వాళ్లు సముద్రం మీదికి ఏం తీసుకెళ్లినా, సెల్‌ఫోనైనా అగ్గిపెట్టైనా, పాలిథీన్ కవరులో పెట్టి సైకిల్ ట్యూబు ముక్కలతో బిగిస్తారు. దానయ్య నన్నూ అలాగే కట్టాడు. ఎంతో శ్రద్ధగా. రెండు కవర్లు. మైకు మీద ఇంకో చుట్టు.

మొదటి వారంలోనే వచ్చాయి. కవరు మీద గోళ్ల గీకుడు నాకు తెలుస్తోంది. నన్నే పట్టుకుని వేలాడుతున్నాయి, అరుస్తున్నాయి. నా కార్డులో మాత్రం ప్లాస్టిక్ రెపరెపలే. వినడానికే పుట్టి, మాట్లాడేవాళ్ల మధ్య చెవులు మూసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

వేకువన వచ్చే దానయ్య వాటిని చూసేవాడు. నడిసంద్రంలో అలిసి వాలిన జీవిని ఆ ఊరివాళ్లు తరమరు. చుట్టం అంటారు. చుట్టం ఉన్నంతసేపూ గట్టిగా మాట్లాడరు. ఒడ్డుకొచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పరు, చెబితే మళ్లీ రాదని. అతను చప్పుడు చేయకుండా కార్డు మార్చి, మళ్లీ బిగించి వెళ్లిపోయేవాడు.

కార్డులన్నీ కంపెనీ దగ్గరే సీలు వేసి ఉంచారు. నలభయ్యో రోజు మధ్యాహ్నం ఒడ్డున ఉన్న షెడ్డులో షమీమ్‌కు ఇచ్చారు. కంప్యూటరులో వెతికితే గాలి రెపరెపల్లాంటివే తప్ప ఒక్క కూతా లేదు. గబ్బిలాలు రికార్డు కాలేదని రాసింది. మేనేజరు చక్రపాణి ఆ వాక్యం రెండుసార్లు పైకి చదివి సంతకం పెట్టమన్నాడు. పది రోజుల్లో అనుమతి సమావేశం.

నన్ను విప్పి తెచ్చిన దానయ్య ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మగోరూ, ఇది ఏటి సేసే యంత్రం?"

"వింటుంది, దానయ్య గారూ. గబ్బిలాల అరుపులు పట్టుకుంటుంది. ఇటు రాలేదు మరి."

అతను మేనేజరు వైపు చూశాడు. తర్వాత చొక్కా జేబులోంచి నా మైకుకు చుట్టిన కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "వచ్చినాయి. నానే దీని మూతి కట్టీసినాను."

చుట్టాల సంగతి మొదటిసారి ఒడ్డున చెప్పాడు. ఒక వేకువన ముప్పై దాకా ఉన్నాయట.

"నీకు పడవ పని కావాలా, వద్దా?" అన్నాడు చక్రపాణి.

"కావాల. పని పోకూడదనే ఇన్నాళ్లూ గట్టిగా కట్టినాను."

చక్రపాణి గొంతు తగ్గించాడు. "రికార్డు కాలేదన్నది అబద్ధం కాదు కదా మేడమ్. సంతకం పెట్టండి."

నిజమే. మనుషులు ఇంత శుభ్రమైన నిజాలతో ఎంత పనైనా చేసుకుంటారు. షమీమ్ ఆ వాక్యం కింద ఇంకోటి రాసింది: మైకు మూసి ఉంది, ఈ నలభై రోజులు చెల్లవు. అప్పుడు సంతకం పెట్టింది.

దానయ్య ఉద్యోగం ఆ పూటే పోయింది. వేదిక దరిదాపులకు రావద్దన్నారు. సముద్రం కంపెనీది కాదు కనుక దానయ్య తన సొంత పడవ తీశాడు. వెదురుగడకు నన్ను కట్టి, కాస్త ఎడంగా లంగరు వేశాడు. ఈసారి కవరు లేదు. షమీమ్ నాలుగుసార్లు వాంతి చేసుకుంది.

"సేపలకి మేత బాగా యేసినారు. రేపు వల ఇక్కడే యేత్తాను" అన్నాడు దానయ్య.

తొమ్మిది రోజులు వెళ్లాం. గాలి పడిపోయిన ప్రతి సాయంత్రం అవి వచ్చాయి. ఒకటి, వెనక ఐదు, తర్వాత ఎడతెగని గుంపు. ఆగి ఊపిరి తీసుకునే తీరిక వాటికీ లేదు, నాకూ లేదు. కార్డు నిండింది. ఉప్పు నన్ను తినేసింది. ఇప్పుడు సన్నని కూతలేవీ నాకు వినపడవు, మనుషుల గొంతులు మాత్రం వినపడతాయి. నా ఖర్మ.

సమావేశంలో తొమ్మిది రోజులు సాక్ష్యమా అని కంపెనీ అడిగింది. ఇంకో వలస కాలమంతా వినాలనీ, అప్పటిదాకా గాలిమరల కోసం ఒక్క స్తంభమూ దించకూడదనీ అధికారులు తేల్చారు. మనుషుల కాగితాల్లో అది ఏడాది ఆలస్యం. గబ్బిలాలకు అది ఒక ప్రయాణం, అంతే. ఆ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. తెలియకుండా ఉండటం నాకు చేతకాదు.

ఇప్పుడు షమీమ్ సంచిలో పాత బ్యాటరీల మధ్య పడి ఉన్నాను. ఈ ఉదయం ఆమె కొత్త రికార్డరు తెచ్చింది. సర్వే పడవ ఇప్పుడు కారి నరసయ్య అనే కుర్రవాడిది. దానయ్యకు మేనల్లుడి వరస. దానయ్య వల బాగుచేసుకుంటున్నవాడల్లా లేచి వచ్చి, కవరు ఎలా చుట్టాలో, ట్యూబు ఎక్కడ బిగించాలో తన చేతులతో చూపించాడు.

"మూతి మాత్తరం ఇడిసిపెట్టు."

"ఉప్పు తగిలితే పాడైపోద్ది గదా మావా."

"పాడైపోనీ. ముందు ఇననీ."