మోటరు ఆపిన ఆదివారం

వంక పొంగి కుందుర్పి దారిలో కల్వర్టును ఊడ్చుకుపోయాక అది రెండో ఏడు. ఆ నీళ్లు ఒక్క పూట పారి పోయాయి. తరువాత చెప్పుకోదగ్గ చినుకు లేదు. ఊరి పదకొండు బోర్లలో పది ఎండిపోయాయి. మిగిలింది జయరాముడి బోరు ఒక్కటే. అదీ వేలెడు ధార.

ఆ ధారతోనే ఆయన రెండెకరాల వేరుశనగను నెట్టుకొచ్చాడు. కాయలో గింజ గట్టిపడే వేళ. ఇంకొక్క తడి అందితే పంట, అందకుంటే పశువుల మేత.

కరెంటు రోజూ తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇచ్చేవాళ్లు. అది రాగానే మోటరు దానంతటదే తిరిగేట్టు జయరాముడు స్టార్టరుకు ఆటో పెట్టించుకున్నాడు. ఒక్క నిమిషం పోగొట్టుకునే మనిషి కాడు. అయితే ఊరు లైనుకు చిట్టచివర ఉంది. ఆ మోటరు తిరిగిందంటే వోల్టేజీ పడిపోయి, ఎర్రన్న టీ హోటల్లో టీవీ బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయి అగ్గిపెట్టెంత అయ్యేది.

ఆ ఆదివారం పదకొండుకు నీలకవచుడి సీరియల్ రెండో భాగం మొదలు. ఆకాశంలో ఎగిరే ఆ వీరుడి మీద శత్రువులు కొండను కూల్చిన చోట మొదటి భాగం ఆపేశారు. నాలుగు నెలలుగా ఊరంతా ఒకటే మాట, బతికినాడా లేడా అని.

పొద్దున్నే ఎర్రన్న చేనికి వచ్చాడు.

"ఏమన్నా, నీ మోటరు తిరిగితే ఆ నీలకవచుడు ఎగిరేది కాదు, పాకతాడు. ఒక అరగంట ఆపన్నా."

"అయ్యేది కాదు."

"ఊరంతా అడుగుతాండారు."

"శెనక్కాయ గూడా అడుగుతాండాది."

ఎర్రన్న తల గోక్కుంటూ పోయాడు. కలుపు తీస్తున్న జయరాముడి భార్య తిప్పమ్మ నడుము ఎత్తి చూసింది.

"మనకు చూసుకునేకి పచ్చగా చేనుండాది. బోర్లెండినోళ్లకు చూసేకి ఏముండాదయ్యా?"

జయరాముడు సాలు వెంట నీళ్లు మళ్లించుకుంటూ పోయాడు. పదకొండుకు కొంచెం ముందు పార గట్టున పెట్టాడు. ఇంకా ఆరు సాళ్లు ఎండుగానే ఉన్నాయి. వాటి వంక ఒకసారి చూసి, పోయి ఎర్ర బటను నొక్కాడు.

హోటల్లో అడుగు పెట్టే చోటు లేదు. ముందు వరసలో నేల మీద కూర్చున్నది బోర్లెండిన వాళ్లే. జయరాముడు చెప్పులు విడిచి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆ సీరియల్ చూడటం అదే మొదలు.

టీవీ అద్దం నిండా కొండ. కూలిన రాళ్లు, దుమ్ము. చాలాసేపు ఏమీ కదల్లేదు. తరువాత ఒక చిన్న రాయి దొర్లింది. ఆ సందులో నుంచి సన్నగా నీలం వెలుగు బయటికి వచ్చింది. దుమ్ము పైకి లేచింది. దుమ్ములో నుంచి ఒక చెయ్యి లేచింది.

జయరాముడికి తన బోరు వేసిన దినం కళ్ల ముందు నిలిచింది. మూడు వందల అడుగుల దాకా ఒట్టి దుమ్మే. ఇక లేదనుకున్నాక దుమ్ము తడిసింది. అప్పుడూ ఇట్లాగే గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

అంతలో కరెంటు పుటుక్కున పోయి, అట్లే వచ్చింది. వచ్చిన బొమ్మ అగ్గిపెట్టెంత ఉంది. అరవై తలలు ఒక్కసారి జయరాముడి వైపు తిరిగాయి.

"ఆటో తీయల్యా అన్నా?" అని ఎర్రన్న అరిచాడు.

బటను నొక్కి వచ్చాడే గాని, ఆటో తీగ పీకలేదు. కరెంటు మళ్లీ రాగానే మోటరు తన పని తాను మొదలుపెట్టింది.

జయరాముడు వట్టి కాళ్లతో పరుగెత్తాడు. వేలెడు ధార కోసం ప్రాణం పెట్టే మనిషి, ఆ ధారను ఆపడానికి పల్లేరుకాయలు తొక్కుతూ పరుగెత్తాడు. తీగ పట్టి లాగాడు. మోటరు రొద ఆగింది. ఆగిన మరుక్షణం ఊరి వైపు నుంచి ఒక్కసారిగా కేక లేచింది. బోరులో నీళ్లు పడినప్పుడు మనుషులు వేసే కేక అది. రెండేళ్లయింది ఆ ఊరు అట్లా అరిచి. తీగ చేతిలో ఉండగానే ఆయన ఊరి వైపు తిరిగాడు.

తిరిగి పోయేసరికి అయిపోయింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చెప్పులు తీసుకుని చేనికి వచ్చేలోపు కరెంటూ పోయింది. ఆ రోజు ఇక రాలేదు. ఆరు సాళ్లు ఎండుగానే మిగిలాయి.

"ఏమైందంటే..." అని సీరియల్ చూసి వచ్చిన తిప్పమ్మ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తడి అందనీ. అప్పటిదాకా వద్దు."

మరునాడు తొమ్మిదికి పచ్చ బటను తానే నొక్కాడు. పైపు దగ్గింది, గాలి కక్కింది. తరువాత నీళ్లు దూకాయి. ఎప్పుడూ విడవకుండా తోడిన బోరు నిన్నటి నుంచి ఊరుకుంది కదా, ఊట చేరినట్టుంది. ధార పిడికిలంత ఉంది. దాని కింద అరచెయ్యి పెట్టి జయరాముడు చాలాసేపు అట్లే నిలబడిపోయాడు. పదిన్నరకల్లా ఆరో సాలు చివర దాకా మట్టి నల్లబడింది.

మోటరు ఆపి, ఆటో తీగను మొదలంటా పీకి మొలలో దోపుకుని, బురద కాళ్లతోనే హోటలుకు పోయాడు.

"ఆయప్ప లేచినాడా?"

ఎర్రన్న టీ వడపోస్తూ ఆగిపోయాడు. "లేచినాడన్నా! కొండంతా పక్కకు..."

"ఉండు." జయరాముడు బెంచీ మీద కూర్చున్నాడు. "చెయ్యి లేసిన కాన్నుంచి చెప్పు."