బంగళా తాళంచెవులు

నా అక్షరాలు వంకర, ఒత్తులు తప్పుతాయి, రాయడం నిదానం. అరవై దాటాక హాస్టల్ పిల్లలు నేర్పిన చదువు. కాస్త ఓర్చుకుని చదవండి.

ఊరికి దూరంగా ఉన్న ఈ బంగళాను ఒక తెల్లదొర వేసవి విడిదిగా కట్టించాడు. మా అత్తగారు అతని గదులు ఊడ్చేవారు. దొరలు వెళ్లిపోయాక ఇది క్షయ ఆసుపత్రి అయింది. మా ఆయన అక్కడ కాపలా. ఆ తరవాత ఆడపిల్లల హాస్టల్. ఇప్పుడు హోటల్ చేస్తున్నారు. ఎవరు వచ్చినా ముప్పై రెండు తాళంచెవుల గుత్తి మాత్రం మా ఇంటిదే. ఆయన పోయాక నా నడుముకు చేరింది. అప్పట్లో చదువు రాదు కనుక ఒక్కో చెవికి ఒక్కో రంగు దారం కట్టుకున్నాను.

సోమవారం కొత్త మేనేజరు పిలిచాడు.

"పెద్దమ్మా, చదువొచ్చటగా! శుక్రవారానికల్లా ప్రతి చెవికీ గది పేరు రాసి అట్టముక్క కట్టు. ఇక గుత్తి కౌంటర్లో ఉంటుంది."

"మరి నేను?"

"నీకింకా పనేముంది? హాయిగా కూతురింటికి వెళ్లు."

కూతురికి ఉన్నది ఒకటే గది. అల్లుడు ఇంట్లో ఉన్నంతసేపూ నేను గుమ్మం బయట కూర్చోవాలి. నాలుగు రోజులు నాకు కాలు నిలవలేదు. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడం, వేసిన తాళమే మళ్లీ లాగి చూడడం. రాస్తే నా పని పోతుంది. రానట్టు నటిద్దామంటే, చదువొచ్చని ఊరంతా చెప్పుకున్నది నేనే.

చివరికి రాసిచ్చాను. మేనేజరు అవి చదవకుండానే పాత దారాలన్నీ కత్తిరించి పారేయించాడు. రంగులవాడు వచ్చి తాళంచెవి అడిగినప్పుడు గాని అట్టముక్కల వంక చూడలేదు.

"రక్తం గది ఏంటి? ఏడుపు గది ఏంటి? ఇవేం పేర్లు!"

కరెంటు పనివాడు పకపకా నవ్వాడు. "అతిథికి ఆ రక్తం గది ఇచ్చి చూడండి సార్, సామాను కూడా వదిలేసి పారిపోతాడు."

"రక్త పరీక్షలు అక్కడే చేసేవారు బాబూ. కొత్తగా చేరిన పిల్లల్ని మొదటి వారం ఏడుపు గదిలో ఉంచేవాళ్లు."

"మరి పిల్లి గది?"

"అది మా అత్తగారు చెప్పిన పేరు. దొరసాని పిల్లిదట. నేను చూడలేదు."

మేనేజరు తల పట్టుకున్నాడు. "సరే, ప్రతి గదీ తిప్పి చూపించు. నంబర్లు వేయించేదాకా ఉండు."

నిన్న రెండు గదులు చూపించాను. మోకాళ్ల నొప్పి అని కూర్చుండిపోయాను. నొప్పి నిజమే. అంత నొప్పి మాత్రం కాదు.

తాళాల పెద్దమ్మ, డెబ్బై ఒకటో ఏడు, బంగళా వెనక బొగ్గుల గది. ఇవాళ్టికైతే ఇక్కడే.