దూర్క్ ఎత్తిన చెయ్యి

మా ఊరి చర్చిలో పాస్టరు ప్రసంగం మొదలుపెట్టగానే ఆడవాళ్ళ సంచులు తెరుచుకుంటాయి. పిప్పరమెంటు బిళ్ళల చుట్ట బయటికొచ్చి, చేతులు మారుతూ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఇది బైబిల్లో లేదు. కానీ మా ఫ్రీస్‌లాండు పల్లెల్లో బైబిల్లో ఉన్నవాటికంటే దీన్నే జనం నిష్ఠగా పాటించారు.

మా బల్లకు నడవ వైపు నేను, గోడ వైపు దూర్క్. చిన్నప్పటి నుంచీ అంతే. మధ్యలో ఒకప్పుడు మోచెయ్యి కదిలించే చోటుండేది కాదు. కొందరు సమాధుల తోటకు వెళ్ళారు, కొందరు ఫుట్‌బాలుకు. మా అక్క కూతురు "పిన్నీ, నాకు ఆదివారం యోగా" అంది, జబ్బు పేరు చెప్పినట్టు. చివరికి మా ఇద్దరి మధ్య ఉత్త బల్ల మిగిలింది.

దూర్క్‌కు చెవుడు. చెవిమిషను ఆర్గన్ మోగితే కీచుమంటుందని ఇంట్లోనే వదిలేసి వస్తాడు, పాట ఒక చరణం వెనక పాడతాడు. ప్రసంగం మధ్యలో లేచి అతని దగ్గరకు వెళ్ళడం మర్యాద కాదు. అందుకని నేను సంచీ తెరుస్తాను, దూర్క్ సిద్ధమేనన్నట్టు చెయ్యెత్తుతాడు, నేను చుట్టను బల్ల మీద దొర్లిస్తాను. తరతరాలు కూర్చుని నునుపు చేసిన చెక్క, చక్కగా పోయేది.

పోయిన చలికాలం చర్చి అమ్మాలా వద్దా అని అక్కడే సభ పెట్టారు. కొనేవాళ్ళు దాన్ని ఆటస్థలం చేస్తారట, మనుషులు నడుముకు తాళ్ళు కట్టుకుని గోడలెక్కుతారట. నాకక్కడే బాప్తిస్మమిచ్చారు. మా ఆయన్ని అక్కడి నుంచే మోసుకెళ్ళారు. నన్నూ అక్కడి నుంచే మొయ్యాలని నా కోరిక, అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు. అమ్మడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంది పాస్టరమ్మ మారిట్. ఊరికే కూర్చోలేక సంచీ తెరిచి ఒక బిళ్ళ నోట్లో వేసుకున్నాను. పక్కకు చూస్తే దూర్క్ చెయ్యి గాల్లో ఉంది. ఒక్క చెయ్యి తేడాతో చర్చి అమ్ముడుపోయింది.

ఆ రోజు నుంచి సంచీ తెరవలేదు. ప్రసంగం మొదలవగానే దూర్క్ నా వైపు చూసేవాడు, నేను పాస్టరమ్మ వైపు చూసేదాన్ని. ప్రభువును పట్టిచ్చిన యూదాకు కూడా ఆఖరి విందులో రొట్టె ముక్క దొరికింది కదా అని మీరనొచ్చు. అది ప్రభువు మంచితనం. నాకంత లేదు.

ఆ చర్చిలో ఆఖరి ఆదివారం, ప్రసంగం మధ్యలో ఏదో దొర్లుకుంటూ వచ్చి నా తొడకు తగిలి ఆగింది. కొత్త చుట్ట, ఇంకా విప్పనిది. నా దగ్గర నిండుకున్నాయనుకుని దూర్క్ కొనుక్కొచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆరాధన అయ్యాక అందరూ కాఫీ దగ్గర చేరారు. నేను ఆ చుట్టను అతని కప్పు పక్కన పెట్టి, చర్చి అమ్మేసి పిప్పరమెంట్లు పంచుతున్నావా అని చెవిలో అరిచాను.

"నేనెక్కడ అమ్మాను రెన్స్కే? నేనసలు చెయ్యే ఎత్తలేదు."

"ఎత్తావయ్యా. ఈ కళ్ళతో చూశాను."

"అదా," అన్నాడు. "నువ్వు సంచీ తెరిచావుగా."

మారిట్‌తో చెబుదామని లేచి, మళ్ళీ కూర్చున్నాను. సంతకాలైపోయాయి, గోడలెక్కే తాళ్ళు కూడా వచ్చి దిగాయి. మూడొందల ఏళ్ళ చర్చి నా పిప్పరమెంటు మూలంగా పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ముందు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది.

"అసలు ప్రసంగం వినపడక ఎన్నాళ్ళయింది నీకు?" అని అడిగాను.

"మా ఆవిడ పోయినప్పటి నుంచీ. వినపడిన రోజుల్లో మాత్రం నమ్మానా ఏంటి?"

నేను అన్నీ విన్నాను. ఒక్కటీ గుర్తులేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

"మరి ప్రతివారం ఎందుకొచ్చి కూర్చున్నట్టు?"

దూర్క్ చెయ్యెత్తాడు.

నేను చుట్ట విప్పాను. దొర్లించడానికి మధ్యలో మా పాత బల్ల లేదు. బిళ్ళ తీసి అతని అరచేతిలో పెట్టాను.